కైలాసం మామ గంజాయి నార బీమా

కైలాసం మామ ఎవరికైనా ముందు నిజం చెప్పి, ఆ తర్వాతే నమస్తే పెడతాడు. ఎవరూ అడగక్కర్లేదు. పెళ్లిచూపుల్లోనే తనకు గురక వస్తుందని చెప్పేశాడట. "గురక సంగతి చెప్పిండు గని, ఈ రోగం సంగతి చెప్పలే" అని ఆయన భార్య మల్లవ్వత్త ఇప్పటికీ అంటుంది.

వరంగల్ కొత్తవాడలో మామకు చిన్న షెడ్డు ఉంది. పదో తరగతి మధ్యలో మానేసి నేను అక్కడే పనికి కుదిరాను. మేము జంపఖానాలు నేస్తాం. పత్తితో కాదు, గంజాయి మొక్క నారతో. ఉత్తరాది కొండల్లో సర్కారు లైసెన్సుతో పండించే, మత్తు లేని రకం. పట్నాల్లో వాటి మీద కూర్చుని యోగా చేస్తారు. మిగతా వ్యాపారులు దానికేదో ఇంగ్లిషు పేరు పెట్టి మర్యాదగా అమ్ముకుంటారు. మామ మాత్రం "గంజాయి నార, ముందే చెప్తాన్న" అంటాడు.

రైల్వే పార్సిల్ ఆఫీసులోనూ అదే మాట అన్నాడు. మూటలు ఆపేశారు. పోలీసు కుక్క వచ్చింది. మూటలన్నీ వాసన చూసి విసుగు పుట్టి, మామ జేబు దగ్గర ఆగింది. అవి బిస్కెట్లని మామ దానికీ నిజమే చెప్పాడు.

షెడ్డులో నార చిక్కుదీసే మిషన్ ఉంది. తిరిగే డ్రమ్ము నిండా ఇనుప పళ్లు. ఒకరోజు మాతో పనిచేసే సమ్మమ్మ కొంగు అందులో చిక్కింది. నేను స్విచ్ ఆపేలోగా సగం కొంగు పోయింది, చెయ్యి మిగిలింది. మామ అప్పుడే మిషన్‌కు తాళం వేసి, మాకు ప్రమాద బీమా వచ్చేదాకా అది తిరగదన్నాడు. మాది మరీ చిన్న షెడ్డు, కార్మికులకు సర్కారు ఇచ్చే ఈఎస్ఐ బీమా వర్తించదు.

ఏజెంట్లు వచ్చారు. సరుకేమిటో మామ చెప్పగానే చాయ్ కూడా తాగకుండా లేచిపోయేవారు. ఒకాయన హెల్మెట్ మరిచిపోయి వెళ్లి, దానికోసమైనా మళ్లీ రాలేదు. మేము నారను చేత్తోనే చిక్కు తీస్తూ కూర్చున్నాం. వేళ్లు చీరుకుపోయాయి, ఆర్డర్లు ఆలస్యమయ్యాయి. ఆ తాళమేదో ఈయన నోటికి వేస్తే మిషన్ తిరుగుతుందని సమ్మమ్మ గొణిగేది.

చివరికి వినయ్ అనే ఏజెంటు పారిపోకుండా కూర్చున్నాడు. కాగితం మీద జనుము నార అని రాస్తే చాలు, వెంటనే పాలసీ వచ్చేస్తుందన్నాడు. అందరం సంబరపడ్డాం. మామ నోరు తెరవకుండా సమ్మమ్మ ఆయన చేతిలో చాయ్ గ్లాసు పెట్టింది.

మామ చాయ్ మొత్తం తాగి గ్లాసు కింద పెట్టాడు.

"జనుమని రాస్తే పాలసీ వస్తది తమ్మీ. రేపు ఈమె చెయ్యి పోతే కంపెనోళ్లు చూడనీకి వస్తరు. ఇది గంజాయి నార, మీరు అబద్ధమాడిండ్రు, పైసలియ్యం అంటరు. అబద్ధం నాది, చెయ్యి ఈమెది. గట్లెట్ల?"

సమ్మమ్మ తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

మరునాడు అందరం ఆటో ఎక్కి హనుమకొండలోని బీమా ఆఫీసుకు పోయాం. గంజాయి పేరుతో పాలసీ ఇవ్వలేమన్నారు. మామ వరండాలో జంపఖానా పరిచి కూర్చున్నాడు. మేమూ కూర్చున్నాం. లోపలికి పోయే ప్రతివాళ్లకూ అది దేనితో నేసిందో మామ చెబుతూనే ఉన్నాడు. సాయంత్రానికి ఆఫీసరు రాజేశ్వరి మేడం, షెడ్డుకు వచ్చి చూస్తానని ఒప్పుకున్నారు.

వచ్చి లైసెన్సు కాగితాలు చూశారు. మిషన్ పళ్లకు మూత బిగించమన్నారు. తర్వాత మా వైపు తిరిగి, గంజాయితో పని, మీకు భయం లేదా అని అడిగారు.

"నార మమ్ముల ఏం జేయలే మేడం," అంది సమ్మమ్మ. "పళ్లు మిషన్‌కున్నయి. బీమా రాసేదుంటే వాటికి రాయుండ్రి."

పాలసీ వచ్చింది. అందులో మొక్క అసలు పేరే ఉంది, కింద మా అందరి పేర్లు ఉన్నాయి. మామ తాళం తీశాడు. సమ్మమ్మ స్విచ్ వేసింది. ఆ మోతలో మామ చేతులూపుతూ ఏదో చెబుతున్నాడు. ఏమంటున్నాడని సమ్మమ్మను సైగతో అడిగాను.

"ఏదో నిజమే అయ్యుంటది," అంది నా చెవి దగ్గరికి వచ్చి. "పని కానియ్ బిడ్డా."