మావారి వాచీ, ఊరందరి గుండెలు

అప్పట్లో అమలాపురంలో ఉండేవాళ్లం. మావారు స్కూలు మాస్టారు. డాక్టరు ఆయన్ని రోజూ నడవమన్నారని తెలిసి, గుండె వేగం చూపించే వాచీ పంపుతానని దుబాయ్ నుంచి మా మరిది ఫోన్ చేశాడు. "ఛాతీకి బెల్టు కట్టుకునేది కావాలా వదినగారూ, వాచీ మీద వేలు పెడితే చూపించేది కావాలా?" అన్నాడు.

"ఈ ఉక్కలో చొక్కా లోపల బెల్టేంటి బాబూ, వాచీ చాలు" అన్నది నేనే.

వాచీ వచ్చాక ఆయన నడిచే టైము రెట్టింపయింది. అనుమానమొచ్చి ఓ పొద్దున కాలవగట్టుకి వెళ్లాను. నడకకొచ్చిన ఆడవాళ్లంతా ఆయన చుట్టూ మూగి, "మాస్టారండీ, నాదీ చూడండి" అంటున్నారు. ఈయన ఒక్కొక్కరి చేతికీ స్వయంగా వాచీ కట్టి, వేలు పట్టుకుని దాని మీద పెడుతున్నారు. నా చెయ్యి ఎప్పుడు పట్టుకున్నారో నాకే గుర్తులేదు!

"మీ గుండె చూసుకోమని పంపితే ఊరందరి గుండెలూ చూడ్డం మొదలెట్టేరేంటండీ?" అని అరిచేశాను.

అందరూ బిగుసుకుపోయారు. మావారు వాచీ నా చేతికి కట్టి, వేలు పెట్టించారు. నూట నలభై!

"ఆయ్, అక్కగారికి నడవకుండానే వచ్చేసిందండీ!" అంది పక్కింటావిడ. గట్టంతా నవ్వులు. సిగ్గుతో తల దించుకున్నాను గాని, కుళ్లు మాత్రం తగ్గలేదు.

ఇంటికి రాగానే మరిదికి ఫోన్ చేశాను.

"ఆ బెల్టుదే పంపించు బాబూ. అదైతే ఎవరూ ఓసారి ఇమ్మని అడగరు."