తేనెకు కుక్క పరీక్ష

నిన్న ఇక్కడ విదేశంలో, బూన్ లేలో ఉన్న మా అమ్మాయి ఫ్లాట్‌కు పక్కింటివాళ్ల కుక్క వచ్చింది. మా అల్లుడు మొన్న ఊరికి వెళ్లినప్పుడు దగ్గరుండి తేనెపట్టు పిండించి తెచ్చిన తేనె బల్ల మీద ఉంది. మనవరాలు ఒక చెంచాడు పెడితే కుక్క చెంచా మెరిసేదాకా నాకింది.

"తాతా, హీ లవ్స్ ఇట్ లా!" అని మనవరాలు ఇక్కడి ఇంగ్లీషు యాసలో అంటూ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మన తరంవాళ్లకు గుర్తుందా, అసలు తేనెను కుక్క ముట్టదనేవారు పెద్దలు? నీళ్లలో చుక్క వేసి చూసేవారు, వత్తిని ముంచి వెలిగించేవారు. చివరి తీర్పు మాత్రం కుక్కదే.

నా చిన్నప్పుడు దగ్గుకని అమ్మ ఒకసారి తేనె అమ్మేవాడి దగ్గర తేనె కొంది. ఇత్తడి గిన్నెలో నల్లగా, మైనం వాసన, పొగ వాసన కలిసి ఉంది. పెదనాన్న దాన్ని కొంచెం విస్తరాకు మీద వేసి వీధికుక్కను పిలిచాడు. అది ఆకంతా నాకేసింది.

"బెల్లప్పాకం కొనుక్కొచ్చావమ్మా," అన్నాడు పెదనాన్న, ఇంటిల్లిపాదీ వింటుండగా.

"నా కళ్లముందే పట్టు పిండాడండీ బావగారూ," అంది అమ్మ.

"కుక్కకు అబద్ధమాడాల్సిన పనేముంది?"

అందరూ నవ్వారు. గిన్నెను తూములో బోర్లించారు. ఆ తర్వాత అమ్మ ఏది కొన్నా ముందు ఆయనకు చూపించి గాని లోపల పెట్టలేదు.

పెదనాన్న బాగా చదువుకున్న మనిషని బంధువులు ఇప్పటికీ అంటారు. నేనూ కొంత చదివాను. ఇంటి కోడలి మాటకంటే కుక్క నాలుకను నమ్మమని ఏ పుస్తకంలోనూ కనపడలేదు.