కారం మిల్లు పైన కౌన్సెలింగ్

ఆ రోజుల్లో, అంటే కౌన్సెలర్‌గా చేరిన కొత్తలో, మనిషి దుఃఖానికి ఎలా చెవి ఒగ్గాలో నాకు పూర్తిగా తెలుసనుకునేదాన్ని. ఎదుటివారి కళ్లలోకి చూడాలి, మాటకు అడ్డుపడకూడదు, వరసలు కలపకూడదు (గుంటూరులో అయ్యే పనేనా?), వాళ్లతో కలిసి అసలే ఏడవకూడదు. ఇవన్నీ నేర్పిన మా మేడం నన్ను బ్రాడీపేటలో ఒక మేడమీద గదిలో కూర్చోబెట్టారు. కింద కారం మిల్లు. అద్దె ఎందుకంత తక్కువో వేసవి వచ్చాక, ఊరంతా ఏడాది కారం పట్టించుకోవడం మొదలుపెట్టాక తెలిసింది.

ఆ వేసవిలోనే ఒక మిర్చి రైతును ఆయన కూతురు తీసుకొచ్చింది (ఊరు చెప్పను, ఇంకొన్ని వివరాలు మార్చాను కూడా). భార్య పోయినప్పటి నుంచి ఆయన కంట చుక్క రాలేదట, కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాడట. కూతుర్ని బయట ఉండమని తలుపు వేశాను. ఆయన నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు. నేను నేర్చుకున్న ప్రకారం మౌనంగా ఉన్నాను. అంతలో కింద మిల్లు తిరిగింది. ఘాటు కిటికీలోంచి నేరుగా నా మొహానికే కొట్టింది. చూపు తిప్పకూడదన్న పట్టుదలతో అలాగే చూస్తున్నానేమో, చెంపల మీద ధారలు కట్టాయి.

ఆయన తలెత్తి చూశాడు. నా ఏడుపు చూసి కాబోలు, మెల్లగా నోరు విప్పాడు.

"గుండెల్లో మంటగా ఉందంది. కాయ కోతకి కూలోళ్లొచ్చారు, సాయంత్రం ఆసుపత్రికి పోదాంలే, మజ్జిగ తాగి పడుకో అన్నానమ్మా."

సాయంత్రం దాకా ఆవిడ ఉండలేదు.

నిజం చెబితే మళ్లీ నోరు మూసుకుంటాడేమో. చెప్పకపోతే లేని కన్నీళ్లు చూపించి మాట రాబట్టినట్టే. చివరికి, "బాబాయ్ గారూ, ఇందాక నా కళ్లలో నీళ్లు కారం ఘాటుకి వచ్చాయండి. ఇప్పుడొస్తున్నవి మాత్రం కాదు," అన్నాను.

"నాకూ కారమేలేమ్మా," అంటూ ఆయన కండువాతో మొహం కప్పుకున్నాడు. ఆ భుజాలు చాలాసేపు కదులుతూనే ఉన్నాయి.

ఆ తర్వాత కొన్నిసార్లు వచ్చి మానేశాడు. కూతురు ఫోన్ చేసి, నాన్న అన్నం తింటున్నాడని, పొలం మాత్రం కౌలుకిచ్చేశాడని, చేను వైపు తొంగి కూడా చూడటం లేదని చెప్పింది. నేను ఫోన్ పెట్టేసి, ఆయన పూర్తిగా కోలుకున్నాడని మేడంకి గొప్పగా చెప్పాను. చేను మొహం చూడలేని రైతు కోలుకున్నాడని సంబరపడిన ఆ కొత్త కౌన్సెలరమ్మ గుర్తొస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఎక్కువసేపు నిలవదు.