డాబా మీద నేర్చుకున్న కుడి ఎడమలు

టీవీలో పాటల కార్యక్రమాలు చూసేవాళ్లు నన్ను చాలాసార్లే చూసి ఉంటారు. గుర్తుపట్టరు. గాయకుల వెనక, పొగ వెనక ఆడే వరుసలో ఉంటాను. నలభై దాటాక కూడా ఉన్నాను. మా పనిలో అది చిన్న విషయం కాదు. నాతో మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఎప్పుడో మానేసి, పెళ్లిళ్లలో సంగీత్‌కు డాన్సులు నేర్పిస్తున్నారు.

నాకు గురువంటూ ఎవరూ లేరు. మాది శాలిబండలో పప్పుల దుకాణం. బడి మధ్యలో మానేసి గల్లా దగ్గర కూర్చున్నప్పుడు లెక్క పట్టుబడింది. ఆట మా గల్లీ పెళ్లి బారాత్‌లలో మర్ఫా డప్పుల మోతకు వచ్చింది. పాట వింటే నాకు ముందుగా మాటలు వినిపించవు. తాళం దెబ్బలను ఎనిమిదేసి చొప్పున మూట కట్టుకుంటాను, ఆ మూటల్లో అడుగులు సర్దుకుంటాను. ఇన్నేళ్లూ నన్ను నిలబెట్టింది ఆ అలవాటే.

మొన్నటి బోనాలకు ఒక ప్రత్యేక కార్యక్రమం ఒప్పుకున్నాం. మొత్తం ఎనిమిది మందిమి. అంతకుముందు షూటింగ్‌లో డైరెక్టర్ నేను వింటుండగానే అన్నాడు: "వెనక ఆవిడ వయసు తెలిసిపోతోంది. వచ్చేసారి చూద్దాం." వచ్చేసారి అంటే ఇదే. నన్ను తీసేయడానికి ఒక్క సాకు చాలు. ఆ సాకు ఇవ్వకూడదనుకున్నాను.

షూటింగ్ సోమవారం. ఆదివారం బోనాల ఘటాల ఊరేగింపుకు మా వైపు దారులు మూశారు. రిహార్సల్ హాలు మలక్‌పేటలో. పాతబస్తీలో ఉండే మేం నలుగురం వెళ్లలేకపోయాం. డాన్స్ మాస్టర్ ఫోన్ చేశాడు.

"అక్కా, మీరు ఫికర్ చెయ్యకుర్రి. స్టెప్పులన్నీ వీడియో తీసి పంపుతా. మీ డాబా మీదనే చేసుకోర్రి."

హాల్లో ఆయన ఎప్పుడూ మాకు వీపు చూపిస్తూ నిలబడి చేస్తాడు. ఆయన కుడి మా కుడి, అనుమానమే ఉండదు. వీడియోలో మాత్రం ఫోన్ ఎదురుగా పెట్టుకుని, మొహం మావైపు పెట్టి చేశాడు. మా డాబా మీద నలుగురం చేరి ఫోన్‌ను నీళ్ల ట్యాంకుకు ఆనించాం. కింద డప్పులు దద్దరిల్లుతున్నాయి. మా నలుగురిలో చిన్నది, జహనుమా నుంచి నడిచి వచ్చిన పిల్ల అడిగింది.

"అక్కా, సార్ ఎడమ చెయ్యి లేపిండు. మనం ఏది లేపాలె?"

"ఎడమే. అద్దంల చూసినట్టు చేస్తే ఉల్టా అయితది. ఆయన ఎడమ మన ఎడమ. మనసుల తిప్పుకో."

తిప్పుకున్నాం. సాయంత్రానికి నలుగురం ఒక్క మనిషిలా ఆడుతున్నాం.

మర్నాడు షూటింగ్ ఫ్లోర్ మీద మొదటి ట్రయల్‌లోనే హాల్లో నేర్చుకున్న నలుగురు కుడికి తిరిగారు, మేం ఎడమకు తిరిగాం. భుజాలు గుద్దుకున్నాయి. పాట ఆగింది. పై గదిలోంచి మైకులో డైరెక్టర్ గొంతు వచ్చింది: "ఆ నలుగురినీ తీసేయండి. మిగతావాళ్లతో కానిద్దాం."

మాస్టర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏందక్కా గిట్ల? వీడియో చూడలేదా?"

"చూసినం మాస్టర్. నువ్వు ఎదురుగ ఉన్నవని తిప్పుకొని చేసినం."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నేనే తిప్పి చేసిన గదా, మీకు అల్కగ ఉంటదని. అద్దం లెక్క చూసి చేస్తే అయిపోతుండె."

జహనుమా పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. "మంచిగున్నది సార్. ఇద్దరు చెరో దిక్కు సదిరి కుండ పలగ్గొట్టినట్టున్నది."

ఒక్క స్టెప్పు తప్పయితే దిద్దుకోవచ్చు. పాటంతా ఒంట్లో ఎక్కాక తిప్పుకోవడానికి పూట పడుతుంది. గాయని అప్పటికే మేకప్ ముగించుకుని కూర్చుంది. నేను లెక్క వేసుకున్నాను. మాది అక్కడొకటి ఇక్కడొకటి దొర్లిన తప్పు కాదు. మొదటి నుంచి చివరిదాకా ప్రతి అడుగూ తిరగబడింది. మా దుకాణం తలుపుకు రెండు రెక్కలు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తెరుచుకుంటుంది. అందులో ఏ రెక్కా తప్పు కాదు.

"మాస్టర్, వాళ్లు నలుగురు కుడి దిక్కు, మేం ఎడమ దిక్కు. నడుమ పాడే ఆమె. తలుపు తెరిచినట్టుంటది."

ఆయన ఒక క్షణం కళ్లు మూసుకున్నాడు. "చరణంల అందరు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు దాటే స్టెప్పున్నది. అక్కడ ఎదురెదురు వస్తరు."

"వాళ్లు ముందు నుంచి, మేం వెనక నుంచి. సగం అడుగు ఎడం ఉంటే చాలు. వేళ్ల సందుల్లకెళ్లి వేళ్లు పోయినట్టు పోతం."

ఆయన నేల మీది టేపు గుర్తులు పీకి కొత్తవి అంటించాడు. పైకి చెయ్యి ఊపి, "ఒక్క ట్రయల్ సార్" అని అడిగాడు. "ఒక్కటే" అంది మైకు.

పల్లవి తెరుచుకుంది. చరణంలో వాళ్లు ముందు నుంచి దాటారు, మేం వెనక నుంచి దాటాం. ఎవరి కొంగూ ఎవరికీ తగల్లేదు. గాయని చుట్టూ చూసి, పాడాల్సిన చోట నవ్వేసింది. డైరెక్టర్ మెట్లు దిగి వచ్చాడు.

"ఇది బాగుంది. ముందే ఎందుకు చూపించలేదు?"

"నిన్ననే కుదిరింది సార్" అన్నాడు మాస్టర్, నావైపు చూడకుండా.

డైరెక్టర్ నన్ను చూశాడు. వయసు మాట ఎత్తలేదు. "ఆవిడ ఎడమ వరుసలో మొదట ఉండాలి. మిగతావాళ్లు ఆవిడను చూసి కదులుతున్నారు" అన్నాడు. టేకు ఒక్కసారికే అయింది.

ఆ వారంలోనే మాస్టర్ ఫోన్ చేశాడు. "అక్కా, వచ్చే పాట గూడ రెండు రెక్కలుగ గావాలంటున్నరు. ఎడమ రెక్క నీదే. వీడియో పంపాల్నా?"

"పంపు మాస్టర్. ఈసారి మొహం వద్దు, వీపు చూపెట్టు."