పైపు ముక్క బూటు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నన్ను చూసి జాలిపడని మనిషి ఒక్కడే ఉండేవాడు, మా మేనమామ. మంచితనం లేక కాదు, తీరిక లేక. మైలవరం చుట్టుపక్కల ఏ మోటారు ఆగినా, ఏ పైపు పగిలినా ఆయనకే కబురు వచ్చేది. మిగిలిన ఊరంతా నా ఎడమ కాలు చూసి అయ్యో పాపం అనేది. మూడేళ్ళప్పుడు వచ్చిన పోలియో ఆ పాదంలో పట్టు తీసుకుపోయింది. అడుగు ఎత్తితే పాదం కిందికి వేలాడేది, వేళ్ళు నేలకు రాసుకునేవి. నాలుగడుగులు వేసేసరికి ఏ రాయో తగిలి బోర్లా పడేదాన్ని. పడ్డందుకు నాకు పెద్ద బాధ ఉండేది కాదు. లేపడానికి వచ్చినవాళ్ళ ముఖాలు చూస్తేనే ఒళ్ళు మండేది.

పాదం నిలబడటానికి పెద్దాసుపత్రిలో ఇనప కడ్డీల బూటు ఇచ్చారు. రెండు పక్కలా కడ్డీలు, పైన తోలు పట్టీలు, కింద బరువైన బూటు. అది ఎవరి కాలి కొలతకు చేశారో నాకు తెలియదు, నా కాలికి మాత్రం కాదు. మడమ దగ్గర ఒరుసుకుని పుండు పడేది. మానేదాకా విప్పి ఉంచి, మానగానే మళ్ళీ తొడిగేవాళ్ళు. అమ్మ, నాన్న, చూడవచ్చిన చుట్టాలు, అందరిదీ ఒకటే మాట: ఓర్చుకో తల్లీ, నీ మంచికేగా. అలా అన్నవాళ్ళలో ఒక్కరైనా ఆ ఇనుమును కాసేపు తమ కాలికి కట్టుకుని చూసిన పాపాన పోలేదు.

అయిదో తరగతి అయిపోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ బూటును తీసుకెళ్ళి మా పొలం బావిలో పడేశాను. చేయి జారిందని అబద్ధం చెప్పి బయటపడొచ్చు. చెప్పలేదు. నేనే పారేశానని ఇంట్లో అందరి ముందూ అన్నాను. నాన్న కొట్టలేదు కానీ, ఆయన అన్న మాటకు పుట్టినంత నొప్పి కొట్టినా పుట్టేది కాదు. ఆరో తరగతికి హైస్కూలు రెండు మైళ్ళ అవతల ఉంది. బూటు వేసుకుంటే బడి, లేకపోతే ఇంట్లో కూర్చోవడమే అన్నారు. నేను బూటు వేసుకోనన్నాను. బడికి వెళ్తానని కూడా అన్నాను.

మర్నాడు నాన్న మావయ్యను పిలిపించి బావిలోకి దించారు. ఆయన రెండు మునకలకే బూటు పైకి తెచ్చి, గట్టు మీద కూర్చుని దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తోలు లోపల నల్లబడిన మరక మీద వేలు పెట్టాడు. తర్వాత నా మడమ చూపించమన్నాడు. నన్ను ఒక్క మాటా అడగకుండా నాన్న వైపు తిరిగాడు.

"పారేసింది ఇనుమేగా బావా, కాలు కాదుగా. బడి తెరిచేదాకా నాకు టైమియ్యి. అప్పటికీ పిల్ల నడవకపోతే నీ ఇష్టం."

నువ్వేమన్నా డాక్టరువా అని నాన్న కసిరారు. కాదు, అయినా ఈ మడమ చూసింది నేనేగా అన్నాడు మావయ్య. సరే, బడి తెరిచేదాకానే అని నాన్న ఇంటిదారి పట్టారు.

అప్పుడప్పుడే ఇనప పైపులు పోయి ప్లాస్టిక్ పైపులు వస్తున్న రోజులు. రెండు పైపులు కలపడానికి ఇప్పటిలా కొలతకు తగ్గ జాయింట్లు మా వైపు దొరికేవి కావు. మావయ్య ఎండుగడ్డి మంట మీద పైపు మూతిని తిప్పుతూ వేడి చేసేవాడు. అంత గట్టి పైపూ కాసేపటికి మెత్తబడి చెప్పినట్టు వినేది. అప్పుడు రెండో పైపు కొసను అందులోకి దూర్చి, పైన తడిగుడ్డ చుట్టేవాడు. చల్లారేసరికి రెండూ బిగుసుకునేవి. వేడి ఎక్కువైతే మాడిపోయేది, తక్కువైతే చిట్లేది. ఆ రెంటికీ మధ్య ఎక్కడ ఆపాలో ఆయన చేతికి తెలుసు. ఈ పని చూస్తూనే పెరిగాను కానీ, దాన్ని నా కాలి దాకా తెస్తాడని అనుకోలేదు.

లావుపాటి పైపు ముక్కను నిలువునా కోసి, మరిగే నీళ్ళ అండాలో వేశాడు. మెత్తబడగానే తీసి రేకులా పరిచాడు. నా పిక్కకు తడి తువ్వాలు చుట్టి, పాదం వాలిపోకుండా ఒక చేత్తో మట్టంగా పట్టుకుని, రెండో చేత్తో ఆ రేకును అదిమాడు. కాల్తోందా అని అడిగాడు. లేదన్నాను. మళ్ళీ అడిగాడు. పళ్ళు బిగబట్టి మళ్ళీ లేదన్నాను. బడి తెరవడానికి పది రోజులే ఉన్నాయి. కదిలితే ఆకారం చెడిపోతుందని, చెడితే నాన్న ఇంక చాలంటారని నా భయం. తీరా రేకు విప్పి చూస్తే, తువ్వాలు జారిన చోట చర్మం ఉడికి రూపాయి బిళ్ళంత బొబ్బ లేచింది.

ఇంత ఓర్చుకున్నందుకు మెచ్చుకుంటాడనుకున్నాను. ఎన్నడూ నా మీద గొంతు పెంచని మనిషి ఆ రోజు ఇంటి పైకప్పు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఎందుకు అరవలేదే? నువ్వు లేదు లేదంటుంటే అంతా బానే ఉందనుకున్నా గదా! కాల్తే కాల్తోందని అరవాలి. నువ్వు అరిస్తేనేగా తప్పెక్కడుందో నాకు తెలిసేది!"

అమ్మ మధ్యలో వచ్చి, పోనీలేరా, పాపం ఓర్చుకుందిగా అంది.

"ఓర్చుకోవాల్సిన ఖర్మ దానికేంటక్కా? తప్పు నా రేకుది. దాని కాలుది కాదు."

బొబ్బ లేచినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. అప్పటిదాకా నొప్పి పుడితే అది నా తప్పేనని నన్ను నమ్మించారు. నా కాలు వంకర కాబట్టి బూటు ఒరుసుకుంటోంది, నాకు ఓర్పు లేదు కాబట్టి పుండు పడుతోంది. పెద్దవాళ్ళలో ఒకరు తప్పును వస్తువు మీద వేయడం నేను వినడం అదే మొదటిసారి.

ఆ పూట నుంచి ప్రతి రేకూ ముందు మావయ్య పిక్క మీదికే వెళ్ళింది. నీళ్ళలోంచి తీసి ఒకటి, రెండు, మూడు అని అంకెలు పెడుతూ, ఎన్నో అంకె దగ్గర ఒళ్ళు తట్టుకుంటుందో చూసుకునేవాడు. ఆయన కాలి నిండా ఎర్రటి మచ్చలు పడ్డాయి. నాలుగు రోజులకు విషయం తేలింది. రేకు మెత్తగా ఉన్నంతసేపూ ఒళ్ళు తట్టుకోలేదు. ఒళ్ళు తట్టుకునే వేళకు అది మొండికేసి వంగదు. ఇప్పుడు నేను మా ల్యాబు కుర్రాళ్ళకు పాఠంగా చెప్పే సంగతి ఆయన తన పిక్క మీద నేర్చుకున్నాడు.

వేడిని నా దగ్గరికి రానివ్వకుండా పని కావాలి. ఒక చెక్క పెట్టెలో బంకమట్టి కుక్కి, నా పిక్క వెనక భాగం, మడమ, అరికాలు అందులో అదిమించాడు. మట్టి చల్లగా, హాయిగా ఉంది. ఆ ముద్రలో మోటారు దిమ్మె కోసం తెచ్చిన సిమెంటు పోశాడు. మూడో రోజుకు నా కాలు మా ఇంటి అరుగు మీద విడిగా నిలబడింది. పక్కింటి అక్క దానికి బొట్టు పెట్టి, మీ అమ్మాయి కాలు అమ్మాయికంటే ముందే బడికి బయల్దేరిందండోయ్ అని మా అమ్మను ఆటపట్టించింది. మెత్తబడ్డ రేకును ఆ సిమెంటు కాలి మీద వేసి, పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టాడు మావయ్య. ఎంత వేడైనా సిమెంటు అరవదుగా అన్నాడు. చల్లారాక అంచులు ఆకురాయితో రాసి నున్నగా చేశాడు, అమ్మ లోపల మెత్తటి గుడ్డ కుట్టింది. నా పిక్క మీద పైపు కంపెనీ అక్షరాలు సగం తలకిందులుగా కనిపించేవి.

తొడుక్కుని లేచి నిలబడితే పాదం నేలకు వాలలేదు. మడమ ఎక్కడా నొక్కలేదు. బడి తెరిచిన రోజు నాన్న నా వెనకే కొంత దూరంలో నడిచారు. దారిలో ఒకసారి పడ్డాను, అదీ దిక్కులు చూస్తూ నడిచి. ఆయన పరిగెత్తుకొచ్చేలోపే లేచి నిలబడ్డాను. గేటు దగ్గర, సాయంత్రం వస్తాను ఉండు అన్నారు. అక్కర్లేదు, నేనే వస్తానన్నాను. అంత పొగరు అవసరమా అని ఇప్పటికీ మా చుట్టాల్లో కొందరు అడుగుతారు. అవసరమే.

ఆ బూటు దసరా నాటికి పగిలింది. మావయ్య ఇంకోటి చేశాడు. నేను ఎదిగిన కొద్దీ కొత్త సిమెంటు కాళ్ళు పోశాడు. పదో తరగతికి వచ్చేసరికి మా పెరట్లో నా కాళ్ళు అయిదు ఉన్నాయి.

అరవై దాటిన ఈ వయసులో గన్నవరం దారిలో ఒక చిన్న కంపెనీ ల్యాబులో పనిచేస్తున్నాను. వేడికి మెత్తబడి, చల్లారగానే గట్టిపడే ప్లాస్టిక్ రేకులు తయారు చేస్తాం. కొన్ని ఫ్యాక్టరీల్లో అచ్చులకు వెళ్తాయి. కొన్ని విరిగిన చేతులకు, పట్టు తప్పిన పాదాలకు ఆసరాగా ఆసుపత్రులకు వెళ్తాయి. నా పోరాటమంతా ఈ రెండో రకంతోనే. ఒళ్ళు తట్టుకునే గోరువెచ్చటి నీళ్ళలోనే అది మెత్తబడాలి, ఒంటి మీద సర్దేదాకా మెత్తగానే ఉండాలి. అలాగని ఆ వేడిని మరీ కిందికి దించితే మా విజయవాడ మే నెల ఎండకు లారీలోనే రేకులన్నీ ఒకదానికొకటి అంటుకుపోతాయి. పోయిన వేసవిలో అదే జరిగింది. మెత్తబడే వేడిని కాస్త పైకి జరపండి మేడమ్, పేషెంటు ఒక్క నిమిషం ఓర్చుకుంటే సరిపోతుందిగా అన్నారు మా మేనేజరుగారు. గొడౌనుకు ఏసీ పెట్టించండి, అది ఓర్చుకోలేకపోతోంది అన్నాను. వేడి పెంచమని ఆయన రాసి తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టలేదు. నన్ను మొండిమనిషి అంటారని తెలుసు. ఏసీ మాత్రం పెట్టించారు.

మొన్న కొత్త రేకును తీసుకుని బెజవాడలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. మణికట్టు వాలిపోయిన ఏడేళ్ళ పాప. ఆ రేకును ముందు రోజే నా చేతికి వేసుకుని చూశాను, నాకు వేడి అనిపించలేదు. పళ్ళెంలోని వెచ్చటి నీళ్ళలో తెల్లటి రేకు మెల్లగా అద్దంలా మారుతుంటే పాప కళ్ళప్పగించి చూస్తోంది. వాళ్ళమ్మ వెనక నుంచి తల నిమురుతూ, కొంచెం ఓర్చుకో బంగారం అంది. నేను పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఓర్చుకోవద్దమ్మా, వేడిగా ఉంటే ఆసుపత్రంతా వినపడేలా అరువు, నేనేమీ అనుకోను అన్నాను. పాప నన్ను, వాళ్ళమ్మను మార్చి మార్చి చూసింది. రేకు చేతికి తగిలీ తగలగానే "వేడీ!" అని అరిచింది.

వెంటనే తీసేశాను. అంత వేడేం లేదండీ, ఊరికే భయపడుతోంది అని వాళ్ళమ్మ నొచ్చుకుంది. మా ల్యాబు కుర్రాళ్ళు థర్మామీటరు చూపించి, లెక్క సరిగ్గానే ఉంది మేడమ్ అన్నారు. ఉంటే ఉండనీ. నోట్‌బుక్‌లో ఆ అంకె పైన పాప అరిచిందని రాయించాను. పాపకు బాగా గట్టిగా అరిచావని చెప్పి, రేకులు సర్దుకుని ల్యాబుకు తిరిగి వచ్చి మళ్ళీ మొదలుపెట్టాం.