ఉయ్యాల మీది బిందెలు

కొత్తవాడల మల్లక్కను అందరు ‘ఎందుకే మల్లక్క’ అనేటోళ్లు. ఏది చూసినా ఎందుకని అడుగుడే. వాన ఎందుకు ఆగింది, రేడియో ఎందుకు గురగురమంటాంది, ఆమెకు అన్నీ కావాలె. పెనిమిటి యాకయ్య జంపఖానా మగ్గం మీద తల వంచుకొని నేసుడే తప్ప జవాబు చెప్పేటోడు కాదు. చెప్తే ఇంకోటి అడుగుతదని ఆయన భయం.

ఎనభైలు మొదలైనంక హన్మకొండ అవతల ఒక గదిల భూమి కదలికలు గీసే మిషను పెట్టిన్రు. ఆ గది ఊడ్చే పని మల్లక్కకు దొరికింది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టే! తిరిగే డబ్బా మీద కాగితం, కాగితం మీద సన్నటి సూది. ఎక్కడో దూరదేశంల భూమి కదిలినా సూది వణికేది, బయట లారీ పోయినా వణికేది. మిషను చూసుకునే సరస్వతి మేడం ఓపికమంతురాలు, అడిగినదానికల్లా చెప్పేది. ఒకనాడు ఆమెనే ఎదురు అడిగింది:

"మల్లక్కా, భూకంపమొస్తే మనుషులు భూమితోని చావరు, నెత్తిమీద పడ్డదానితోని చస్తరు. మీ ఇంట్ల నెత్తిమీద ఏమున్నది?"

మల్లక్కకు ఇంట్ల ఉయ్యాల యాదికొచ్చింది. ఆమె నెత్తిమీద ఏముంటే ఏంది, కొడుకు నెత్తిమీద ఉన్నది! పెండ్లయిన పదేండ్లకు పుట్టిన పిలగాడు. వాని కోసం మొక్కని దేవుడు లేడు. వాని ఉయ్యాల ఇంటి దూలానికి కట్టిన్రు. ఆ దూలం మీదనే అటక, అటక మీద అత్త కట్టమ్మ పుట్టింటినుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందెలు, ఒకదాని మీద ఒకటి. ఉయ్యాల ఊపితే పైన బిందెలు గలగలమనేవి. ఆ చప్పుడుకే పిలగాడు కండ్లు మూసేటోడు. "నా బిందెలు జోల పాడుతానయ్" అని కట్టమ్మ వాడంతా చెప్పుకొని మురిసేది.

"అత్తమ్మా, బిందెలు కిందికి దించుదమా?" అన్నది మల్లక్క ఇంటికి పోంగనే.

"ఏందే? భద్రాచలం భూకంపానికే మన ఇంట్ల చెంచా సుత పడలే. నా బిందెలు నేలమీద పెట్టి కుక్కలతోని నాకిపిద్దామా? నా ఇజ్జత్ నీకు అడ్డమొచ్చిందా?"

కట్టమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మాటతోని కాదు, చూపెట్టాలె అనుకున్నది మల్లక్క. ఆదివారం పొద్దుగాల వాకిట్ల తన మిషను తయారుచేసింది. మిషనంటే ఏంది, రోకలి! గ్రహణంనాడు పళ్లెంల నీళ్లు పోసి నిలబెడితే రోకలి నిలబడతదని అందరికీ ఎరుకే. వట్టిరోజుల నిలబడదని సుత అందరికీ ఎరుకే, ఎవ్వరూ నిలబెట్టి చూడకున్నా. మల్లక్క ఊపిరి బిగబట్టి, అటు జరిపి ఇటు జరిపి, మెల్లగ చెయ్యి తీసింది. నిలబడ్డది!

ఇగ చూడు లొల్లి. "గ్రహణం పట్టిందే!" అని ఎవరో అరిచిన్రు. పొయ్యిమీది కూరలు పారబోసిన్రు, ఊరగాయ జాడీల మీద గరిక వేసిన్రు, కడుపుతోని ఉన్న విజయలక్ష్మిని అర్రల పెట్టి తలుపేసిన్రు. పక్కింటి ఖతీజాబీ చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసింది. "అగో, సూర్యుడు మంచిగనే ఉన్నడు గద అక్కా!"

"గ్రహణం లేదు, గిహణం లేదు" అని మల్లక్క నవ్వింది. "రోకలి కింది ఇనుప పొన్ను సాపుగ ఉన్నది, నిలబడ్డది. కట్టకుండ నిలబెట్టింది ఏదైనా జర కదిలితే పడతది. నెత్తిమీద బరువులు పెట్టుకొని పండకున్రి అని చెప్పుదామని పెట్టిన."

"కూరలు పారబోయించి గిదా చెప్పేది?" కట్టమ్మ కొట్టినంత పని చేసింది.

అంతల నూలు బేళ్ల లారీ వాడలకు వచ్చింది. రోకలి ఊగి ధడేలున పడ్డది. అందరు పక్కున నవ్విన్రు. కట్టమ్మ మాత్రం నవ్వలే. ఆమె చెవి ఇంట్లకు పోయింది. లోపల బిందెలు గలగలమంటానయ్. లారీలు రోజూ వచ్చేటియే, ఎన్నడూ చెవి పెట్టలే. ఇప్పుడు ఇంట్ల పెద్దోళ్లంతా వాకిట్లనే ఉన్నరు, పిలగాడొక్కడే ఉయ్యాలల పండుకున్నడు, ఊపేటోళ్లు లోపల ఎవ్వరూ లేరు.

"నా తండ్రీ!" అని ముసల్ది ఉరికింది. పిలగాన్ని రొమ్ముకు అదుముకొని బయటికొచ్చింది. పిలగాన్ని కోడలి చేతిల పెట్టి, యాకయ్యతోని నిచ్చెన వేయించి, ఒక్కొక్క బిందె తనే అందుకొని నేలమీద పెట్టింది. అది చూసి ఖతీజాబీ సుత తన అటక మీది డేగిసాలు దించుకోను పోయింది.

మధ్యాహ్నం పిలగాడు నిద్రపోడాయె. ఎంత ఊపినా పైన చప్పుడే లేదు, ఒకటే ఏడుపు. మల్లక్క ఎత్తుకోబోతే కట్టమ్మ ఆమె చెయ్యి నెట్టేసింది. నేలమీద చతికిలబడి, రెండు బిందెలు ముందట పెట్టుకొని, ఒకదానికొకటి తాకిచ్చుడు షురూ చేసింది.

"మీ అమ్మ నా బిందెలను కింద కూర్చోబెట్టింది బిడ్డా, నన్ను సుత కూర్చోబెట్టింది" అని కోడలిని తిట్టుకుంటనే, వాడు కండ్లు మూసేదాక గలగలమనిపిచ్చింది.