పాలు పొంగితే వణికే బిళ్ళ

కంపెనీలో అందరూ అతన్ని టెస్టరు అనేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ కరెంటు టెస్టరు ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారని అతను అనుకునేవాడు. అసలు కారణం అది కాదు. ఎవరు ఏ మాట చెప్పినా దాన్ని గుచ్చి చూడందే వదలడని.

అతని పని కూడా అలాంటిదే. మిక్సీలు, కెటిళ్ళు, కుక్కర్లు తయారుచేసే ఆ కంపెనీలో, కొన్నవాళ్ళు తిప్పి పంపిన వస్తువుల గది అతనిది. ఆ గదికి కిటికీ లేదు. పొడవాటి బల్ల, దాని మీద ట్యూబులైటు, గోడ పొడవునా అట్టపెట్టెలు. "ఒక్కసారి కూడా వాడలేదండీ" అని చీటీ పెట్టి పంపిన మిక్సీ అడుగు విప్పితే పిండి గడ్డకట్టి ఉండేది. "దానంతట అదే కాలిపోయింది" అన్న కెటిల్‌లో నీళ్ళు పోసిన జాడే ఉండేది కాదు. పందొమ్మిదేళ్ళు అలా మూతలు విప్పి విప్పి, ఎదుటి మనిషి మాట వెనక కూడా ఎక్కడో ఒక మర దాగి ఉంటుందని అతనికి స్థిరపడిపోయింది.

"నేను టైమెంతో చెప్పినా లేచెళ్ళి గడియారం చూసొస్తారేంటండీ?" అని భార్య విసుక్కునేది.

ఒకరోజు నోటీసు వచ్చింది. మూడు రోజుల ట్రైనింగు. సెక్షనుకి ఒకరు చొప్పున రావాలి. నలుగురేసి జట్టుగా కూర్చుని, ఇళ్ళల్లో వాడుకునే కొత్త వస్తువు ఒకటి ఆలోచించాలి.

"ఆలోచనలు కావాలంటే డిజైనువాళ్ళు లేరా?" అన్నాడు భార్యతో. "మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు పనికొస్తారు, ఎవరిని సాగనంపొచ్చు అని చూస్తారు. అదీ సంగతి."

"సరేలెండి, ఆ మూడు రోజులూ మీ గదిలో దుమ్మన్నా తప్పుతుంది" అంది ఆమె.

అతని జట్టులో వ్యాను డ్రైవరు, ప్యాకింగు అక్క, ఫోను మేడమ్ పడ్డారు. ఫోను మేడమ్ కొన్నవాళ్ళ ఫిర్యాదులు పదహారేళ్ళుగా ఫోనులో వింటున్న మనిషి. ట్రైనింగాయన తలా ఒక రంగుకాగితాల కట్ట పంచి, "మీ ఇంట్లో రోజూ విసిగించే పని ఏదో రాయండి. ఎవరేం చెప్పినా నవ్వకూడదు, కుదరదని కొట్టెయ్యకూడదు" అన్నాడు.

మా ఇంటి గొడవలు వీళ్ళకెందుకు అనుకున్నాడు టెస్టరు. మొదటి కాగితం మీద 'ఏమీ లేదు' అని రాశాడు.

అతని కళ్ళు ఫోను మేడమ్ మీద పడ్డాయి. ఆమె వచ్చీ రాగానే బల్ల చివరి కుర్చీ ఏరుకుని కూర్చుంది. మాట్లాడేవాళ్ళ మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. ఒళ్ళో నీలం అట్ట నోటుపుస్తకం. ఎవరు మాట్లాడినా అందులో ఏదో గిలికి, వెంటనే అరచెయ్యి అడ్డం పెడుతోంది. టీ ఇచ్చే వేళకి వరండాలో మేనేజరుతో మెల్లగా మాట్లాడుతూ కనపడింది. ఇక అతనికి వేరే రుజువు అక్కర్లేకపోయింది.

"ఆ పుస్తకం మేనేజరు కోసం" అన్నాడు డ్రైవరుతో, చెయ్యి కడుక్కునే చోట.

"ఊరుకో అన్నా. ఆవిడ చీమకి కూడా అపకారం చెయ్యదు."

"మనం మాట్లాడితే మొహంలోకి ఎలా చూస్తోందో గమనించావా?"

డ్రైవరు గమనించాడు. ఆ తర్వాత అతనూ నోరు కట్టేసుకున్నాడు. డ్రైవరు మాట్లాడకపోయేసరికి ప్యాకింగు అక్కకి కూడా ఊపు పోయింది. సాయంత్రానికి మిగతా జట్ల గోడలు కాగితాలతో నిండిపోతే, వీళ్ళ గోడ మీద ఏడు అంటుకున్నాయి. వాటిలో రెండు టెస్టరువి. రెండింటి మీదా 'ఏమీ లేదు' అనే ఉంది.

రెండో రోజు పొద్దున్నే ఆమెకో పరీక్ష పెట్టాడు. ఆమె వెనక్కి వెళ్ళి, కింద పడిన కాగితం తీస్తున్నట్టు వంగి, "మేనేజరు వచ్చే నెల మానేస్తున్నాడట" అన్నాడు, ఆమెకు చక్కగా వినపడేలా. ఆ మాట మేనేజరు దాకా వెళ్తే దొంగ దొరికినట్టే. ఆమె తల తిప్పలేదు. పెన్ను కదల్లేదు. ఎంత గట్టి మనిషి అనుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచినప్పుడు ఆ పుస్తకం కుర్చీలోనే ఉండిపోయింది. గదిలో ఎవరూ లేరు. తీసి మధ్యలో తెరిచాడు.

'ట్రైనింగాయన పోటీ అన్నారా, కోటి అన్నారా? డ్రైవరుని అడగాలి. వద్దు, అడిగితే తెలిసిపోతుంది.'

'ఎడమ చెవి పూర్తిగా పోయింది. గోడ ఎడమవైపు ఉండే కుర్చీ చూసుకోవాలి.'

'మేనేజరుగారిని ఉత్తరాల సెక్షనుకి మార్చమన్నాను. ఎందుకో చెప్పలేదు.'

'పాలు మళ్ళీ పొంగిపోయాయి. మర్చిపోయానని చెప్పాను కోడలికి.'

పుస్తకం ఉన్నచోటే ఉన్నట్టుగా పెట్టేశాడు. అన్నం సయించలేదు. కనెక్షను తియ్యకుండా మూత విప్పి తీగ మీద వేలు పెట్టినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంది ఒళ్ళంతా.

భోజనాలయ్యాక ట్రైనింగాయన వీళ్ళ గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "మీరు మరీ వెనకబడ్డారే" అన్నాడు.

టెస్టరు లేచాడు. ఎందుకు లేచాడో అతనికే సరిగ్గా తెలియదు.

"మా అత్తగారు మాతోనే ఉంటారండీ. చెవులు వినపడవు. పాలు పొంగినా తెలియదు, కుక్కరు విజిల్ వేసినా తెలియదు. గిన్నె అంచుకి తగిలించే క్లిప్పు ఒకటి, నడుముకి పెట్టుకునే బిళ్ళ ఒకటి చేస్తే, పాలు పైకి రాగానే ఆ బిళ్ళ వణకాలి. ఇంట్లో ఇంకెవరికీ తెలియనక్కర్లేదు."

"విజిల్‌కి ఒకలా, పాలకి ఒకలా వణికితే?" అంది ప్యాకింగు అక్క వెంటనే.

"తలుపు బెల్లుకి ఇంకోలా" అన్నాడు డ్రైవరు.

కాగితాలు గోడకెక్కసాగాయి. ఫోను మేడమ్ టెస్టరు పెదాల వంకే చూస్తోంది. మొహంలో నెత్తురు లేదు. ఒక్క ముక్క రాయకుండా పుస్తకం సంచిలో పెట్టి జిప్పు లాగింది.

సాయంత్రం మెట్ల దగ్గర అతన్ని ఆపింది.

"మీ అత్తగారు పోయి ఆరేళ్ళయింది అన్నయ్యగారూ. చూడ్డానికి వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను."

అతని పెదాలు కనపడేలా ఆమె ఒక మెట్టు దిగి ఎదురుగా నిలబడింది.

"ఎంతదాకా చదివారు?"

"పాలు పొంగిందాకా."

"ఎవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు."

"ఎలా నమ్మమంటారు?"

"నమ్మకండి. నేనైతే నమ్మను." ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. "మీరు మా మాటలు మేనేజరుకి మోస్తున్నారని డ్రైవరుతో అన్నాను. అది అబద్ధమని రేపు నేనే చెబుతాను."

"అలా నెమ్మదిగా మాట్లాడకండి" అంది ఆమె. "అందరికీ తెలిసేది అలాగే."

మూడో రోజు జట్లు తమ ఆలోచనలు వినిపించాలి. వీళ్ళది విన్నాక మేనేజరు పెదవి విరిచాడు. "బాగానే ఉంది. కానీ అంత వినపడనివాళ్ళు ఎందరుంటారు? ఎవరు కొంటారు?"

అప్పుడు ఫోను మేడమ్ లేచింది.

"వినపడదని ఎవరూ ఫోను చేసి చెప్పరు సార్. కుక్కరు విజిల్ వెయ్యట్లేదంటారు. అలా తిప్పి పంపినవి ఎన్నున్నాయో అన్నయ్యగారిని అడగండి."

ఆ కుక్కర్లన్నీ అతని బల్ల మీదికి వచ్చినవే. ఒక్కోదాన్నీ నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి చూశాడు. అన్నీ గది అదిరేలా విజిల్ వేశాయి.

"ఈ ఏడాదిలో ముప్పై ఒకటి" అన్నాడు. "ఏ ఒక్కదాంట్లో లోపం లేదు. కస్టమరు అబద్ధం చెప్పారని రాసి తిప్పి పంపాను. నేనే రాశాను."

మేనేజరు ఆ అంకె రాసుకున్నాడు.

వీళ్ళ జట్టుకి రెండో స్థానం వచ్చింది. మొదటిది ఇంకెవరిదో మడిచే చీపురు. డ్రైవరుకి టెస్టరు నిజంగానే చెప్పాడు, పొరపాటు తనదేనని. ఫోను మేడమ్‌ని నెల తిరక్కుండా ఉత్తరాల సెక్షనుకి మార్చారు. కారణం ఎవరూ అడగలేదు.

ఎనిమిది నెలల తర్వాత డిజైనువాళ్ళు ఆ బిళ్ళ నమూనాలు కొన్ని చేసి, వాడి చూడమని ఇళ్ళకి పంపారు. టెస్టరు అత్తగారి కోసమని ఒకటి అతని చేతికే ఇచ్చారు. అతను దాన్ని గుడ్డసంచిలో పెట్టి ఉత్తరాల సెక్షనులో ఫోను మేడమ్‌కి ఇచ్చాడు. ఆమె వారం వారం పత్రం నింపి ఇచ్చేది. వయసు దగ్గర డెబ్భై రెండు అని ఆమే వేసింది. బిళ్ళ చెమటకి జారుతోందనీ, పాలు అంచుకి వచ్చాక వణికితే లాభం లేదనీ, రెండు వేళ్ళ దూరంలో ఉండగానే వణకాలనీ రాసింది. "మీ అత్తగారు భలే చురుకైనవారండీ" అన్నాడు డిజైను ఇంజనీరు.

అతను పత్రం కోసం వచ్చినప్పుడల్లా ఆమె నీలం పుస్తకం ఉన్న సొరుగు మూసి, ఆ తర్వాతే తల ఎత్తేది. అతను దానికి ఏమీ అనుకోలేదు.

ఒక సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య కవరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. కంపెనీ నుంచి వచ్చింది. చక్కటి సలహాలు ఇచ్చినందుకు ధన్యవాదాలని ఆమె తల్లి పేరు మీద రాసి ఉంది.

"పోయిన మా అమ్మ మీ కంపెనీకి ఏం సలహాలిచ్చిందండీ?"

"ఆఫీసు పనిలే" అన్నాడు.

"ఏం పని?"

"చెప్పకూడనిది."

ఆమె అతని మొహంలోకి చాలాసేపు చూసింది. కవరు మడిచి బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి తన దగ్గరే ఉంచుకుంది.